వార్తల్లో పదం: అల్ప్రాజోలం

ఆందోళనకు, భయానికి డాక్టర్లు రాసే మాత్ర ఇది. మన దగ్గర మాత్రం కల్లు సీసాతో వార్తల్లోకి ఎక్కుతోంది. 2023 ఏప్రిల్‌లో కల్లు తాగినవారు పలువురు ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో మహబూబ్‌నగర్ ప్రభుత్వాసుపత్రిలో చేరారు, ప్రాణాలూ పోయాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్లు తాగినవారి మరణాలు.

చెట్టు కల్లు చాలనిచోట నీళ్లలో చక్కెర, మత్తుకు అల్ప్రాజోలం పొడి కలపడం పాత దందా. మద్యంతో కలిస్తే ఇది ఊపిరిని మందగింపజేస్తుంది.

అయితే, పొడి ఒక్కసారిగా ఆగినా ప్రమాదమే. దాడులు జరిగి దుకాణం మూతపడిందనుకోండి, రెండు మూడు రోజులకే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు!

డాక్టరు పని ఇక్కడే. ‘తాగుతావా?’ అంటే ‘మందు ముట్టను సార్’ అనే జవాబు వస్తుంది, ఎందుకంటే కల్లు మందు లెక్కలోకి రాదు. ‘రోజుకెన్ని సీసాలు? ఆఖరుసారి ఎప్పుడు?’ అనాలి. అల్ప్రాజోలంకు విరుగుడు ఫ్లుమాజెనిల్ ఉంది కానీ, అలవాటుపడ్డ ఒంటికి అదే ఫిట్స్ తేవచ్చు. అందుకే డయాజిపామ్ లాంటి మందుతో నిలకడకు తెచ్చి, మోతాదు వారాల తరబడి తగ్గిస్తారు. ఈ తగ్గింపును శిక్షగా కాక చికిత్సగా చెప్పాలి.

అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మితే రిజిస్టర్‌లో రాయాలి. సలహాకు టెలీ మానస్ 14416, వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446.