పెద్దల విశాఖ ప్రయాణము: తొందరలేని మూడు దినములు

మన కోస్తా గ్రామములలో 60 ఏండ్లు దాటినవారికి విశాఖపట్టణమనగానే మొదట జ్ఞప్తికి వచ్చునది సముద్రము కాదు. 1923లో నెలకొల్పబడిన కింగ్ జార్జి ఆసుపత్రి. అయినవారికెవరికో జబ్బు చేసినప్పుడు తోడుగా పోయి, వరండాలో చాప పరచుకొని నాలుగు రాత్రులు గడపి, మందుల చీటీలతో తిరిగివచ్చిన నగరమది. ఆసుపత్రికి సముద్రము దగ్గరలోనే యున్నను, దాని యెదుట ఒక గంట కూర్చుండు తీరిక గాని, మనసు గాని ఆనాడు వారికి లేదు. మోకాళ్లు ఇంకను మాట వినుచున్న ఈ నాలుగైదేండ్లలో ఆ నగరమును సావకాశముగా చూచి రాగల పెద్దలు ప్రతి గ్రామమునందును పదిమందియైన నుందురు. వారు కదలకుండుటకు కారణము డబ్బొక్కటే కాదు. టిక్కెట్టు ఎట్లు తీయవలెనో, ఏ ప్లాట్‌ఫారముపై దిగవలెనో, రాత్రి ఎక్కడ పండుకొనవలెనో యను బెంగ వారిని అరుగు దిగనీయదు. పిల్లలు చూడబోయిన హైదరాబాదులోనో, అమెరికాలోనో యుందురు.

ఈ బెంగ తీర్చుట పంచాయతీ సభ్యులకు చేతనైన పని. పంచాయతీ నిధులు దీనికి వాడవలెనని చెప్పుట లేదు, వాడరాదు కూడ. ఎవరి ఖర్చు వారిదే. సభ్యులు చేయవలసినది ఏర్పాటు మాత్రమే. అందరికంటె ముందు ఒక సంగతి వారు మనసున నుంచుకొనవలయును. రెండు రాత్రులలో ఏడు క్షేత్రములు చూపెదమని పిలుచు బస్సు యాత్రలు మనకు తెలియనివి కావు. వేకువన మూడు గంటలకు లేపుదురు. నడుము విరుగునట్లు కూర్చుండబెట్టుదురు. ఇల్లు చేరిన పిమ్మట వారము దినములు మంచము దిగనీయని అలసట మిగులును. ఈ వ్యాసమున చెప్పబోవు ప్రయాణము అటువంటిది కాదు. ఉదయము ఒక చోటు, సాయంకాలము ఒక చోటు, నడుమ భోజనము, నిద్ర. చూడవలసిన స్థలములనుబట్టి గాక, ఒంటి ఓపికనుబట్టి లెక్క వేయవలయును. నాలుగు స్థలములు మిగిలిపోయినను నష్టము లేదు.

విజయవాడనుండి విశాఖపట్టణమునకు రైలుమార్గము సుమారు 350 కిలోమీటర్లు. రాత్రి రైళ్లు చాల కలవు గాని, ఈ దారిలో నున్న కృష్ణా, ఏలూరు, గోదావరి జిల్లాలవారికి పగటి రైలే మేలు. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఉదయము విజయవాడలో బయలుదేరి సుమారు ఆరు గంటల ప్రయాణముతో మధ్యాహ్నమునకు విశాఖ చేరును. అందు కూర్చుండు పెట్టెలే గాని పడకలు లేవు. పై బెర్తు ఎక్కవలసిన బాధ లేదు. తెలియని స్టేషనులో చీకటిలో దిగవలసిన భయము లేదు. పైగా రాజమహేంద్రవరమువద్ద గోదావరి పట్టపగలు కనబడును. 1900లో ప్రారంభమై దాదాపు నూరేండ్లు రైళ్లను మోసి 1997లో విశ్రాంతి పొందిన హేవ్‌లాక్ వంతెనను ఇప్పటి వంతెనపైనుండి పెద్దలు మనుమలకు చూపవచ్చును. ఆ పాత వంతెనమీద పోయినవారు బృందములో తప్పక యుందురు. ఆ పూట వారి మాటలు వినుటకు తీరిక చేసికొనవలెను.

రాయలసీమనుండియు, దూరపు జిల్లాలనుండియు వచ్చువారికి రాత్రి రైలు తప్పదు. అప్పుడొక మెలకువ యున్నది. 60 ఏండ్లు నిండిన పురుషులకును, 45 ఏండ్లు నిండిన స్త్రీలకును రైల్వేవారు క్రింది బెర్తుల కోటా కొంత ఉంచియున్నారు. అయితే ఒక టిక్కెట్టుపై ఒకరు గాని ఇద్దరు గాని ఉన్నప్పుడే అది వర్తించును. ఎనిమిదిమందికి కలిపి ఒకే టిక్కెట్టు తీసినయెడల ఆ సౌకర్యము పోవును. కావున ఇద్దరిద్దరి చొప్పున విడివిడిగా తీయుడు.

టిక్కెట్టు ధరలో వృద్ధులకుండిన రాయితీ 2020 మార్చిలో నిలిపివేయబడినది. నేటికిని కొందరు పెద్దలు సగము ఛార్జియే యనుకొని డబ్బు కూర్చుకొందురు. వారికి ముందే చెప్పుట మంచిది. 2024 నవంబరు 1వ తేదీనుండి రిజర్వేషను సాధారణముగా 60 దినములు ముందుగా మాత్రమే లభించును. వెయిటింగు లిస్టు టిక్కెట్టుతో, దారిలో ఏదో యొకటి దొరకునులే యని పెద్దలను బయలుదేరదీయరాదు. సీటు ఖాయము కానిచో ప్రయాణము మరొక వారమునకు మార్చుకొనుటయే తెలివి.

టిక్కెట్టు తీయునప్పుడు రైలు ఎచ్చట ఆగునో పరిశీలింపవలయును. విశాఖ స్టేషనులోనికి వచ్చిన రైలు మరల వచ్చిన దిక్కునకే తిరిగి పోవలసియుండును. అందుచేత హౌరా వైపు పోవు కొన్ని దూరపు రైళ్లు విశాఖలోనికి రాకయే, దువ్వాడ మీదుగా ప్రక్కదారిన సాగిపోవును. తెలియక అట్టి రైలెక్కినవారు దువ్వాడలో దిగి, సుమారు 17 కిలోమీటర్లు ఆటోలోనో బస్సులోనో పోవలసివచ్చును. పడుచువాండ్రకు ఇది నవ్వులాటగా నుండును. సంచులు, మందులు, చేతికర్రలతో నున్న ఎనిమిదిమంది పెద్దలకు కాదు.

వాస్తవముగా పెద్దలకు ప్రమాదము రైలు నడుచునప్పుడు గాక, ఎక్కుదిగువేళలందే ఎక్కువ. చిన్న స్టేషనులలో బండి ఆగునది ఒకటి రెండు నిమిషములే. దగ్గర స్టేషను విడిచి కొంచెము దూరమైనను పెద్ద స్టేషనులోనే ఎక్కించుట క్షేమము. పెట్టె ఎక్కడ ఆగునో ముందే కనుగొని, అరగంట ముందుగా అచ్చట కూర్చుండబెట్టవలయును. నడువలేనివారికి స్టేషను మాస్టరు నడిగినచో చక్రముల కుర్చీ లభించును. దానిని త్రోయు కూలీకి మాత్రము కూలి ఇచ్చుకొనవలెను. రైలు సమయము, ప్లాట్‌ఫారము, సహాయము, ఫిర్యాదు, అన్నింటికిని 139 నంబరు పనిచేయును. దిగునప్పుడు బండి పూర్తిగా ఆగువరకు ఎవరును తలుపువద్దకు పోరాదు. విశాఖ అనేక రైళ్లకు చివరి స్టేషను; అచ్చట తొందరపడవలసిన పనియే లేదు. వందే భారత్ రైలులో పోదలచినవారు మరియొకటి గుర్తుంచుకొనవలెను: దాని తలుపులు వాటంతట అవే మూసుకొనును. సాగనంప వచ్చిన అల్లుడు సంచి సర్దుటకు లోనికి పోయెనా, తరువాతి స్టేషను వరకు అత్తవారితో ప్రయాణము చేయవలసినదే.

ఇక రైలులో నీరు త్రాగు విషయము. దీనిని కొంత విపులముగా చెప్పవలసియున్నది. కదలుచున్న బండిలో మరుగుదొడ్డికి పోవలసివచ్చునను జంకుచేత మన పెద్దలలో, ముఖ్యముగా స్త్రీలలో, చాలమంది ప్రయాణమునాడు నీరు మానివేయుదురు. రక్తపోటునకో, కాళ్లవాపునకో వైద్యుడిచ్చిన, మూత్రము సాఫీగా పోవుటకైన మాత్రను ఆ పూటకు ఎవరికిని చెప్పక ఆపుదురు. ఎండలో ఆరు గంటలు నీరు లేకున్న కళ్లు తిరిగి పడిపోవుట వింత కాదు. మాత్ర వేళ మార్చవచ్చునా యని బయలుదేరుటకు వారము ముందే వైద్యుని అడుగవలెను గాని తామై మానరాదు. సీటు మరుగుదొడ్డికి దగ్గరగా నుండునట్లు చూచి, గంటకొకసారి తోడున్నవారు చేయిపట్టి నాలుగడుగులు నడిపించినచో కాళ్లు నీరుపట్టవు, జంకును తీరును. మందులు పెద్ద సంచి అడుగున గాక చేతిసంచిలో, మూడు దినములకు బదులు ఐదు దినములకు సరిపడ నుండవలెను. ప్రతివారి జేబులోను ఒక చీటీ యుండవలెను: పేరు, ఊరు, ఇంటివారి ఫోను, వాడు మందులు. చదువురాని వారికి ఈ చీటీ వ్రాసి ఇచ్చుట సభ్యుల వంతు.

బృందము ఎనిమిది పదిమందికి మించరాదు. నలుగురు పెద్దలకొక పడుచువాడో, పడుచుపిల్లయో తోడుండవలెను. వసతి మాటాడునప్పుడు గది అద్దెకంటె ముందు అడుగవలసినవి మూడు: క్రింది అంతస్తు లేదా లిఫ్టు, కుర్చీవంటి మరుగుదొడ్డి, వేడినీరు. కొత్త స్నానాల గదిలో తడి నేలపై జారి తుంటి విరుగుటచే విహారము ఆసుపత్రి పాలయిన ఉదంతములు తక్కువ కావు. రాత్రి దీపము వెలుగుచుండనిచ్చి పండుకొమ్మని చెప్పవలెను. స్టేషనునకు సముద్రతీరము నాలుగైదు కిలోమీటర్ల దూరమున నున్నది. తీరమునకు చేరువగా దిగుట మేలు.

బయలుదేరుటకు డిసెంబరునుండి ఫిబ్రవరి వరకు మంచికాలము. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖనే తాకినది. సంక్రాంతికి ముందు వెనుకల వారము రైళ్లలో కాలు పెట్టుటకు చోటుండదు. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవము. తీరమున ప్రదర్శన జరుగు ఏడు జనసమ్మర్దము విపరీతము. ఇంటియొద్ద పింఛను పంచు 1వ తేదీయు ప్రయాణములో పడకుండునట్లు చూడవలయును. దినముల విషయమై: జలాంతర్గామి ప్రదర్శనశాలకు సోమవారము సెలవు, ఆదివారము తీరమంతయు జనమే. మంగళవారము గడప దాటుటకు పెద్దలు ఎటులను ఒప్పుకొనరు. కావున బుధవారము పోయి శుక్రవారము తిరుగుట అన్నివిధముల అనుకూలము.

మొదటి మధ్యాహ్నము భోజనము, నిద్ర. సాయంకాలము రామకృష్ణా బీచి. ఇది తూర్పు తీరమగుటచే పొద్దు నగరము వెనుకకు వాలును; ఎండ ముఖమున కొట్టదు. రోడ్డు వెంబడి కూర్చుండుటకు గట్టు కలదు. జీవితమంతయు చెరువును, కాలువను చూచిన రైతునకు అవతలి గట్టు లేని నీటిని చూచుటయే పెద్ద పని. ఆ సాయంకాలము మరేమియు పెట్టుకొనరాదు. కాళ్లు తడుపుకొనుటకు కూడ తోడు లేక దిగరాదు. ఈ తీరమున అలల లాగుడు బలమైనది. వెనుకకు పోవు నీటితో కాలిక్రింది ఇసుక జారిపోవును. ఈత వచ్చిన యువకులే ఇక్కడ ప్రాణములు పోగొట్టుకొన్నారు.

రెండవ దినము ఉదయము సింహాచలమో, కైలాసగిరియో, ఒక్కటియే ఎన్నుకొనవలెను. సింహాచలమునకు కొండపై వరకు బస్సు కలదు. మెట్లదారి జోలికి పోవలదు. స్వామిని చందనపు పూత లేకుండ చూడవలెనని పెద్దలకు కోరిక యుండుట సహజమే గాని, అది అక్షయతృతీయనాడు మాత్రమే జరుగును. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవ సమయమున క్యూమార్గమువద్ద గోడ కూలి పలువురు భక్తులు మరణించిరి. వృద్ధులను ఆనాడు తీసికొనిపోకుండుటయే శ్రేయస్కరము. సామాన్య దినమున దర్శనము సులభము. కైలాసగిరి ఎన్నుకొన్నవారు రోడ్డు మార్గమున బండిలోనే పైకి పోవచ్చును. అచ్చటినుండి తీరమంతయు ఒక్కచూపున కనబడును.

సాయంకాలము బీచి రోడ్డుపై కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళమున చేరి, 1971 యుద్ధకాలమున సేవలోనుండి, 2001లో విరమించి, 2002లో ప్రదర్శనశాలయైనది. లోపల దారి ఇరుకు. గుండ్రని ద్వారములగుండ నడుము వంచి, కాలెత్తి దాటవలయును. మోకాళ్ల నొప్పులు, ఆయాసము గలవారిని మనుమలు బలవంతపెట్టి లోనికి తీసికొనిపోవుట తరచు కనబడును. అది తగదు. 90 మీటర్లకు పైబడిన ఆ నౌకను వెలుపలనుండి చూచినను తనివి తీరును. విశాఖ ప్రదర్శనశాలయు ఆ రోడ్డుననే యున్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసిన నాటి భయమును తలిదండ్రుల నోట విన్నవారు, 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఈ తీరమునకు చేరువనే మునిగిన వార్తను తామే రేడియోలో విన్నవారు బృందములో నుందురు. ప్రదర్శనశాలలోని వస్తువులకంటె వారి జ్ఞాపకములే తోడువచ్చిన పిల్లలకు ఎక్కువ నేర్పును.

నగరములో తిరుగుటకు సిటీ బస్సులు కలవు. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకము క్రింద మన రాష్ట్ర స్త్రీలు వానిలో ఉచితముగా పోవచ్చును. ఆధారు కార్డు దగ్గరనుంచుకొనవలెను. అయినను సాయంత్రపు రద్దీలో నిలుచుండి పోవుటకంటె నలుగురు కలిసి ఒక ఆటో మాటాడుకొనుట తక్కువ ఖర్చే యనవలెను.

మూడవ ఉదయమున ఏ కార్యక్రమమును పెట్టరాదు. ఓపిక యున్నవారు వేకువన తీరమునకు పోయి సూర్యోదయము చూతురు, లేనివారు పండుకొందురు. రత్నాచల్ తిరుగు బండి మధ్యాహ్నము విశాఖలో బయలుదేరి విజయవాడ చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకును. దారిలో దిగువారికి కూడ సాయంకాలమగును. స్టేషనునుండి గ్రామమునకు పోవు కడపటి బస్సు ఎన్ని గంటలకో ముందే కనుగొని, అది అందకపోవునను అనుమానమున్నచో ఊరి ఆటోవానితో బయలుదేరుటకు పూర్వమే మాటాడి, రైలు సమయము అతనికి చెప్పియుంచవలయును.