తొలి వాహనము

విజయదశమి సెలవులలో నా పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. వానికి కొత్తగా ఉపాధ్యాయోద్యోగము దొరికినది. నివాసము తెనాలిలో; పాఠశాల 18 కిలోమీటర్ల దూరమున, కాలువగట్టు మీదుగా పోవలసిన యొక పల్లెలో. బస్సు వేళలకును బడి గంటకును పొత్తు కుదరదు. "మాస్టారూ, బండి కొనుక్కోక తప్పేట్టు లేదు. అమ్మ తన గాజులు కుదువబెడతానంటోంది. ఏది కొనమంటారు?" అని యడిగెను. అడుగుట పేరునకే, వాని మనస్సులో బండి అంతకు ముందే నిశ్చయమై యున్నది. అది 350 సి.సి. బుల్లెట్టు. అంతవరకు వాడు నడిపినది సైకిలు మాత్రమే.

ఛందస్సు చెప్పువానిని మోటారు సైకిలు గూర్చి అడుగుట వింతగా తోచవచ్చును. కాని నా యెడమకాలి చీలమండపై నొక మచ్చ కలదు. ఆ మచ్చ నాకీ విషయమున కొంత అధికారమును ప్రసాదించినది.

1999లో, ఉద్యోగము స్థిరపడిన ఉత్సాహమున, నేనొక పాత బరువైన బండిని కొంటిని. దాని చప్పుడు వీధి చివర వినబడగానే విద్యార్థులు తలలు త్రిప్పి చూచెడివారు. ఆ చూపుల కొరకే కొంటినని ఈనాడు ఒప్పుకొనుటకు సిగ్గుపడను. నెల తిరుగకుండగనే ఒక సాయంకాలము కాలువగట్టు ఎక్కుచుండగా గేదెల మంద అడ్డువచ్చెను. బండి నాపితిని. కాలు క్రింద మోపబోగా, నేననుకొన్న చోట నేల లేదు; అది జానెడు పల్లములో నున్నది. బండి ఒరిగెను. ఆపబోతిని, ఆగలేదు. అది నా కాలిపై పడుకొన్నది. పొలమునుండి ఇద్దరు రైతులు పరుగున వచ్చి లేవనెత్తిరి. పడిన క్షణమున నా వేగమెంత? సున్న.

ఆరు వారములు కట్టుతో నుంటిని. పిదప కుర్చీలో కూర్చుండియే విరాటపర్వ కథ చెప్పవలసి వచ్చెను. ఉత్తరకుమారుడు అంతఃపురమున ప్రగల్భములు పలికి, కౌరవసేనను చూచినంతనే రథము దుమికి పరుగెత్తిన ఘట్టము చెప్పుచుండగా, ముందు బల్లపై నొక కుర్రవాడు నా కాలివైపు చూచి నవ్వు నాపుకొనుచుండెను. నాకును నవ్వు వచ్చెను. అయితే ఆ కథ అంతటితో ముగియలేదు. పారిపోయిన ఆ బాలుడే, తన శక్తికి తగిన పనికి, అనగా పగ్గములు పట్టుటకు, ఒప్పుకొన్న పిమ్మట యుద్ధమధ్యమున నిలిచెను. తొలి వాహనమును ఎన్నుకొనువారు గ్రహింపవలసిన దింతకన్న వేరొకటి లేదు.

బండి పరుగెత్తునపుడు దాని బరువును చక్రములు మోయును. నిలిచినపుడు మనము మోయవలెను. కొత్తవాడు నిలుచుట, తిరుగుట, వెనుకకు నెట్టుట, ఇరుకున ఒదిగించుట అను పనులలోనే ముందుగా తడబడును. 1955లో మదరాసులో తయారీ ప్రారంభమైన బుల్లెట్టు గొప్ప బండియే. కాని నేటి బుల్లెట్టు 350 బరువు దాదాపు 195 కిలోలు. 1994లో వచ్చి, మన పల్లెల పాలవారికి, ఉపాధ్యాయులకు చిరపరిచితమైన స్ప్లెండరు జాతికి చెందిన నేటి బండి దాదాపు 112 కిలోలు. యంత్రము 100 సి.సి. లోపు. ఈ రెండింటి నడుమ నున్న తేడా ఒక నిండు మనిషి బరువు. కొత్తవాడు చేసిన చిన్న తప్పును తేలికబండి క్షమించును, బరువుబండి శిక్షించును.

కావున దుకాణమునకు పోయినవాడు మొదట అడుగవలసినది వేగము కాదు. ఆసనముపై కూర్చుండి రెండు పాదములును నేలపై నిండుగా ఆనుచున్నవో లేదో చూచుకొనవలెను. దిగి, బండిని పది అడుగులు వెనుకకు నెట్టవలెను. ఒకవైపునకు కొంచెము ఒరిగించి మరల నిలువబెట్టవలెను. క్లచ్చి పిడి వ్రేళ్ళకు అందుచున్నదా, పదిసార్లు నొక్కినను చేయి నొవ్వకున్నదా యని పరీక్షింపవలెను. పాతబండి అయినచో చట్రముపై చెక్కిన సంఖ్యను రిజిస్ట్రేషను పత్రముతో సరిచూడవలెను. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండును తయారైన వారమును, చివరి రెండును సంవత్సరమును తెలుపును.

బ్రేకు నొక్కగానే భారము ముందు చక్రముపైకి వచ్చును. కావున బండిని నిలుపుటలో ముందు బ్రేకుదే పెద్దపాలు. కాని ఇసుకపైనను, రోడ్డుపై ఆరబోసిన ధాన్యముపైనను దానిని గట్టిగా బిగించినచో చక్రము జారును. 125 సి.సి.కి మించిన కొత్త బండ్లలో చక్రము బిగుసుకొనకుండ కాపాడు ఏ.బి.ఎస్. ఉండవలెనని 2019 నుండి నియమము కలదు. అయినను యంత్రము చేయు సాయము అభ్యాసమునకు బదులు కాదు. వేగము రెట్టింపైనచో, బ్రేకు పట్టిన తరువాత బండి జారిపోవు దూరము నాలుగింతలగును. ఈ లెక్కను ప్రతి హైస్కూలులోను నల్లబల్లపై వేసి చూపవచ్చును.

చూపవలసినది మరొకటియు కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము గేరుబండి నడుపుటకు 18 ఏండ్లు నిండవలెను. బాలుడు బండి నడిపి నేరమునకు గురియైనచో, తండ్రికిగాని యజమానికిగాని మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధింపవచ్చునని 2019 సవరణ చెప్పుచున్నది. కుమారుని ముచ్చటకు లొంగి తాళపుచెవి ఇచ్చు తండ్రులు దీనిని తెలిసికొనుట మేలు.

నా శిష్యుడు ఇదంతయు విని, కొంతసేపు మౌనముగా నుండెను. "మరి అందరూ నవ్వరా మాస్టారూ?" అనెను. "నవ్వేవాళ్ళు బండి పడితే లేవనెత్తటానికి రారు, అబ్బాయీ. వచ్చేది ఆ పొలంలో పనిచేసుకునే వాళ్ళు" అంటిని. మరునాడు ఉదయము కళాశాల మైదానములో, పరిచితుల బండ్లను రెండింటిని తెప్పించి, వానిని నెట్టిచూడమంటిని. పెద్దబండిని మూడడుగులు నెట్టునప్పటికే వాని మొగమున చెమట పట్టెను. నేను మరేమియు చెప్పలేదు.

వాడు తేలికబండినే కొనెను. వెల తగ్గినందున నాలుగు గాజులలో రెండు మాత్రమే కుదువకు పోయినవి. మిగిలిన సొమ్ములో మొదటి వాటా ఐ.ఎస్.ఐ. ముద్రగల హెల్మెట్టుకు ఖర్చుపెట్టించితిని. నేర్చుకొనువారి లైసెన్సుపై 30 దినములు ప్రతి ఉదయము అదే మైదానములో అభ్యసించి, పిదప పరీక్షకు పోయెను.

మార్గశిరమున వానినుండి ఉత్తరము వచ్చెను. కోతలు ముగిసి గట్టుపై సగము దారి ధాన్యము ఆరబోసియున్నారట. ఎదురుగా గడ్డిబండి వచ్చినదట. బండి నాపి, రెండు కాళ్ళును నేలపై మోపి, అది దాటిపోవువరకు నిలిచియుండి, పిమ్మట బయలుదేరి మొదటి గంట కొట్టకముందే బడికి చేరినాడట.