ఎరువు, పురుగుమందు: రెండు దేశములు నేర్పిన పాఠము

పైరునకు ఎరువు ఆహారము, పురుగుమందు ఔషధము. రెంటిని ఒకే చోట కొని, ఒకే పద్దులో వ్రాయించుకొనుటచేత రైతులలో పలువురు రెండును ఒకే జాతివని తలంచుచున్నారు. రెండును విషములే, మానవలెననువారు కొందరు. రెండును ఎంత వేసిన అంత మేలనువారు మరికొందరు. ఈ రెండు వాదములును ఇతర దేశముల పొలములలో ఇదివరకే పరీక్షకు వచ్చినవి. ఆ ఫలితములను సంఘ సభ్యుల యెదుట ఉంచగోరుచున్నాము.

ముందు ఎరువు సంగతి చూతము. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే యున్నను, వరి దానిని నేరుగా గ్రహింపజాలదు. పూర్వము యూరపువారు పెరూ దీవుల నుండి పక్షుల రెట్టను, చిలీ ఎడారి నుండి నైట్రేటును ఓడలపై తెచ్చుకొనెడివారు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి చూపెను. కార్ల్ బోష్ ఆ పద్ధతిని కర్మాగారమునకు తగినట్లు తీర్చగా, 1913లో ఉత్పత్తి ప్రారంభమయ్యెను. మనము చల్లు యూరియా ఆ అమ్మోనియా నుండి తయారైనదే. నేడు ప్రపంచ జనులలో ఇంచుమించు సగము మంది తిండి ఈ పద్ధతిపై ఆధారపడియున్నదని శాస్త్రజ్ఞుల అంచనా.

ఇట్టి ఆహారమును ఒక్కసారిగా ఆపిన ఏమగునో శ్రీలంకలో తేలినది. 2021లో ఆ దేశ ప్రభుత్వము రసాయనిక ఎరువుల దిగుమతిని నిషేధించెను. పశువుల ఎరువుగాని, కంపోస్టుగాని దేశమంతటికి చాలునంత సిద్ధముగా లేకుండెను. ఆ సంవత్సరము నవంబరులోనే నిషేధమును సడలించిరి గాని, అదను దాటిపోయెను. 2021-22లో వారి ప్రధానమైన మహా పంటలో వరి దిగుబడి అంతకు ముందటి మహా పంటకంటె మూడవ వంతునకు మించి తగ్గెను. బియ్యమును పరదేశముల నుండి కొనవలసివచ్చెను. సేంద్రియపు ఎరువు మంచిదే. కాని దానిని ఏటేట పెంచుకొనుచు, ఆ మేరకు రసాయనికమును తగ్గించుకొనుటయే దారి.

మందు సంగతి ఇండొనేషియాలో తేలినది. అచ్చటి ప్రభుత్వము అధిక దిగుబడినిచ్చు వరి వంగడములతోపాటు పురుగుమందులను చౌకగా పంచెను. ఒక దశలో మందు ఖరీదులో ముప్పాతిక వంతునకు పైగా ప్రభుత్వమే భరించెను. అయినను సుడిదోమ తగ్గలేదు. 1976-77లో పంటను పాడుచేసిన ఆ పురుగు, 1985-86లో జావా ద్వీపముపై మరల విరుచుకుపడెను. అప్పుడు 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో వరిపై 57 రకముల మందులను వాడరాదని ఉత్తరువు చేసెను. 1989 నాటికి మందుల సహాయపు ధరయు తొలగింపబడెను. మందుల వాడుక బాగుగా తగ్గినను వరి దిగుబడి తగ్గలేదు, పెరిగెను.

ఇది యెట్లు సాధ్యము? సుడిదోమ దుబ్బు మొదట, నీటి మట్టమునకు పైగా చేరి రసము పీల్చును. దాని గ్రుడ్లు ఆకుతొడిమల లోపల దాగియుండుటచే మందు వానిని అంటదు. పైన తిరుగు సాలెపురుగులును, దోమ గ్రుడ్లను పీల్చి తిను పచ్చని చిన్న నల్లులును మందునకు ముందుగా చచ్చును. కొద్ది దినములలో గ్రుడ్లు పొదిగి పిల్లలు వెలువడునప్పటికి వానిని తినువారు ఉండరు. కావలివానిని చంపి ధాన్యపు కొట్టు తలుపు తెరచినట్లగును. రైతు మరల మందు కొట్టును. దోమ మరల పెరుగును. సొమ్మును పోవును, శనియు పట్టును.

ఎరువునకును దోమకును సంబంధము కలదు. నత్రజని మితిమీరిన పైరు మెత్తబడి, గుబురై, దోమకు విందగును. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 21 కిలోల నత్రజని యుండును. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలోను 9 కిలోల నత్రజని యున్నది. దీనిని లెక్కలో చేర్చనివారే ఎక్కువ. వరికి వేసిన నత్రజనిలో సగమైనను పైరునకు చేరుట అరుదు. తక్కినది గాలిలోను నీటిలోను పోవును. కనుక ఒకేసారి కుమ్మరింపక, నాటునపుడు, పిలకలు వేయునపుడు, అంకుర దశయందు మూడు దఫాలుగా వేయవలెను.

మన కృష్ణా, గోదావరి డెల్టాలలో సుడిదోమ క్రొత్త శత్రువు కాదు. మందు కొనుటకు ముందు ఈ పనులు చేయుడు. నాటునపుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడువుడు. దోమ బెడద యున్నచోట విజేత, కాటన్‌దొర సన్నాలు వంటి తట్టుకొను రకములను వేయుడు. దోమ కనిపించినచో నీరు తీసి పొలమును ఆరగట్టుడు. వారమునకొకసారి దుబ్బులను తట్టి, దోమలను, సాలెపురుగులను లెక్కింపుడు. పిలకల దశలో దుబ్బుకు పది పదునైదును, ఈనిన పిదప ఇరువది ఇరువదియైదును దోమలున్నప్పుడే మందు అవసరమగును. అప్పుడును దోమకు సిఫారసైన మందునే దుబ్బు మొదళ్లు తడియునట్లు కొట్టవలెను. పైరిత్రాయిడు జాతి మందులు వరిపై వాడినచో దోమ మరింత పెరుగును.

“పొరుగువాడు కొట్టెను, మేము కొట్టకున్న పురుగంతయు మా చేనికి రాదా?” అని గ్రామములలో మమ్ము తరచుగా అడుగుచున్నారు. ఈ భయమే అప్పులకు మూలము. ఒంటరిగా నున్న రైతు దీనిని జయింపలేడు. ఇండొనేషియాలో సుమారు 25 మంది రైతులు ఒక జట్టుగా చేరి, పంటకాలమంతయు వారమునకొకసారి పొలములోనే కూడి పురుగులను లెక్కించి, మందు కొట్టుటయా మానుటయా అని కలిసి నిర్ణయించుకొనిరి. వారు దీనిని పొలం బడి అనిరి.

సంఘము గల గ్రామమున ఇది కష్టము కాదు. ఒక్కొక్క చెరువు లేక కాలువ క్రింది సభ్యులు ఒక జట్టుగా ఏర్పడి, లెక్క చూచిన పిదపనే మందునకు చీటి వ్రాయించుకొందురుగాక. అక్కరలేని మందునకై వ్రాసిన అప్పు కళ్లము నాటికి వడ్డీతో నిలుచును. దానిని తీర్చవలసినది మన ధాన్యమే కదా.