సర్కారు కట్టడంలో ఎవరికెంత చోటు?

గ్రామములో ప్రభుత్వ భవనము ఒకటి పూర్తి అయిన మరునాడే పేచీ మొదలగును. ముందు గది ఎవరికి, వెనుక గది ఎవరికి? ఖాళీ రోజులలో అద్దెకు ఇవ్వవచ్చునా? కరెంటు బిల్లు ఎవరు కట్టవలెను? పంచాయతీలోనో, సహకార సంఘములోనో, మార్కెటు కమిటీలోనో పనిచేసిన రైతు సోదరులకు ఈ తగవు కొత్త కాదు. హైదరాబాదు పాతబస్తీలో ఇదే ప్రశ్న నూరేండ్లకు పైగా ఎన్నో రూపములలో వచ్చినది. అక్కడ ఏమి జరిగినదో చూచినచో మన ఊరి గదిని గురించి నిర్ణయించుకొనుట సులువగును.

చార్మినారుకు కూతవేటు దూరములో సర్దార్ మహల్ అను మేడ కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1900 సంవత్సరములో తన బేగములలో ఒకరైన సర్దార్ బేగము కొరకు దీనిని కట్టించెను. ఆమెకు అది నచ్చలేదు, అందులో కాపురముండలేదు. పేరు మాత్రము ఆమెదే నిలిచినది. పన్నులు బకాయి పడగా 1965లో మునిసిపల్ కార్పొరేషను దానిని స్వాధీనము చేసికొని, తన కార్యాలయములను అందులో పెట్టుకొన్నది. రాణివాసమునకు కట్టిన గదులలో బీరువాలు, ఫైళ్లు చేరినవి. చోటు చేతికి వచ్చినది కదా అని వాడుకొనుటే తప్ప, ఈ కట్టడము ఏ పనికి తగునని ముందుగా ఆలోచించిన వాడుక కాదది. మన ఊళ్లలో గోదాము బడి అగుట, బడి గోదాము అగుట ఇటువంటిదే.

2022 ఏప్రిల్‌లో ఈ మహలు బాగుచేతకు సుమారు 30 కోట్ల రూపాయల అంచనాతో శంకుస్థాపన జరిగినది. కళాకేంద్రము, ఉపాహారశాల, యాత్రికులకు బస మొదలైనవి అందులో ఏర్పరచవలెనని తలపెట్టిరి. ఆ సందర్భముననే కూరగాయల మీర్ ఆలం మండీకి సుమారు 22 కోట్లతో, కోళ్ల వ్యాపారము సాగు ముర్గీ చౌకుకు సుమారు 36 కోట్లతో పనులు తలపెట్టిరి. కాని మేడకు పనికివచ్చు కొలబద్ద మండీకి పనికిరాదు.

మేడలో బస చేయు యాత్రికుడు ఎక్కువ అద్దె ఇచ్చినచో నష్టపోవువారు లేరు. ఆ డబ్బు కట్టడము మరమ్మతుకు వచ్చును. అక్కడ బహిరంగముగా పోటీ పెట్టి హెచ్చు అద్దె రాబట్టుటే న్యాయము. 1985లో రామ్ అండ్ శ్యామ్ కంపెనీ వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పినది: సొంత ఆస్తిని మనిషి తన ఇష్టమువచ్చిన ధరకు ఇచ్చుకొనవచ్చును గాని, ప్రజల ఆస్తి విషయములో ప్రభుత్వమునకు ఆ స్వేచ్ఛ లేదు.

మండీలో లెక్క వేరు. ఒక దుకాణమునకు రోజుకు 300 రూపాయల అద్దె అనుకొందము. రోజుకు 100 కిలోల వంకాయలు అమ్మినచో కిలోకు 3 రూపాయలు అద్దె కిందనే పోవును. దుకాణదారు దానిని తన జేబులో నుంచి పెట్టుకొనడు. కొంత రైతుకిచ్చు ధరలో కోయును, కొంత కొనువారి మీద వేయును. వేలము పాటలో అద్దె రెట్టింపైనచో ఖజానా నిండినదని సంతోషింతుము గాని, అందులో ఎంత భాగము తోట నుంచి వచ్చినదో అడుగువారుండరు.

పాతబస్తీలోనే దీనికి మారు పద్ధతి ఉన్నది. 1999లో మొదలైన రైతుబజార్లలో ఫలక్‌నుమా బజారు ఒకటి. రైతే స్వయముగా పండించినాడని అధికారులు విచారించి గుర్తింపు కార్డు ఇత్తురు. కార్డు ఉన్నవారికి అమ్ముకొనుటకు చోటు దొరకును, దానికి అద్దె లేదు. అయితే ఫలానా చోటు ఫలానా వారిదని శాశ్వతముగా వ్రాసి ఇచ్చుట లేదు. ఈ చివరి మాటయే ముఖ్యము. శాశ్వతముగా వ్రాసి ఇచ్చిన చోటులకు పట్నములో పగిడీ అను రోగము పట్టును. రిజిస్టరులో ఒకరి పేరుండును, గల్లాపెట్టె ముందు వేరొకరు కూర్చుందురు. సర్కారుకు పాత అద్దె, నడుమ మనిషికి కొత్త అద్దె. ఇట్టి నడుమ మనిషి పల్లెలో లేడని అనుకొనుట మన భ్రమ.

ఇక కౌలు కాలము సంగతి. ఏడాది కౌలుకు తీసికొన్న రైతు ఆ మడిలో చెరువుమట్టి తోలునా? మూడేండ్లకు గది తీసికొన్నవాడు కప్పు బాగుచేయించడు. పాతబస్తీ మేడలు డంగుసున్నముతో కట్టినవి. వాటికి సిమెంటు పూసినచో లోపలి చెమ్మ బయటకు రాలేక గోడ చెడును. సున్నము పనికి ఖర్చు, ఓపిక రెండును కావలెను. కాబట్టి మరమ్మతు ఎవరిదో తేల్చిన తరువాతనే గడువు తేల్చవలెను. మరమ్మతు అద్దెదారుది అయినచో గడువు ఎక్కువ ఉండవలెను. గడువు తక్కువైనచో మరమ్మతు యజమానిదే. గడువు తక్కువ, మరమ్మతు అద్దెదారుది అని వ్రాసుకొన్న పత్రము వానకాలము దాకా పనికివచ్చును.

కాగితము విషయములో ఒక హెచ్చరిక. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము ప్రభుత్వము సొంత కట్టడములకు వర్తించదు. అక్కడ అద్దెదారుకు అండ ఆ పత్రములోని మాటలే. ఏడాదికి మించిన కౌలు పత్రము రిజిస్టరు చేయించవలెను.

అసలు కట్టుటకు ముందే వాడుక నిర్ణయించినచో ఈ బాధ చాల వరకు తగ్గును. 1908 మూసీ వరద తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ పత్తర్‌గట్టిని రాతితో కట్టించినపుడు కింద దుకాణములు, పైన నివాసములు అని ముందే విభజించినది. ఎవరి మెట్లు వారివి, ఎవరి వాకిలి వారిది అన్నప్పుడు సగము తగవులు పుట్టనే పుట్టవు.

మన రైతు వేదికలకు ఈ లెక్క వేసి చూడుడు. తెలంగాణలో 5,000 ఎకరములకు ఒకటి చొప్పున 2,601 వేదికలు, ఒక్కొక్కటి 22 లక్షల రూపాయల అంచనాతో తలపెట్టిరి. మొదటిది 2020 అక్టోబరు 31న జనగామ జిల్లా కొడకండ్లలో ప్రారంభమైనది. హాలు రైతుల సమావేశములకు, గది విస్తరణ అధికారికి. ఖాళీ రోజులలో మహిళా సంఘమునకో, ఆరోగ్య శిబిరమునకో ఇచ్చినచో తప్పులేదు. పెండ్లికి అడిగినచో? విత్తుల కాలములో అయినచో కూడదనియే మా అభిప్రాయము. విత్తనశుద్ధి నేర్పవలసిన రోజున హాలులో భజంత్రీలు మ్రోగినచో రైతు ఎక్కడ కూర్చుండును? మిగిలిన నెలలలో ఇచ్చునది లేనిది గ్రామస్థులు కూర్చుండి తేల్చుకొనవచ్చును. ఇచ్చినచో ముందుగా మీటరు చదివి వ్రాసుకొనవలెను, తాళము తిరిగి తీసికొనునపుడు మరల చదువవలెను. ఏ రోజు ఎవరిదో సుద్దతో వాకిటి బల్ల మీద అందరికి కనబడునట్లు వ్రాసి ఉంచవలెను. తాళపుచెవులు రెండు ఉన్నచో, రెండవది ఎవరి వద్ద ఉన్నదో కూడ ఆ బల్ల మీదనే వ్రాయుట మంచిది.