కారులో గ్యాసు అయిపోతుందా?

రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఎండలో శ్రీకాకుళం నుంచి ఒక రోగిని విశాఖపట్నం పెద్దాసుపత్రికి అద్దె కారులో తీసుకుపోతున్నారనుకుందాం. కారు నడిపేది మీ అబ్బాయే. ఏసీ వేశాడు. చల్లగాలి రాలేదు. రోగి ఉక్కతో అల్లాడిపోయాడు. "ఈసారి వేరే కారు చూసుకుంటాం" అన్నారు వాళ్లు.

అబ్బాయి మెకానిక్ దగ్గరకు వెళ్లాడు. "గ్యాసు అయిపోయింది. పట్టాలి" అన్నాడు మెకానిక్. డబ్బు కట్టారు. నెల తిరగలేదు. మళ్లీ వేడిగాలే!

ఏటి జరిగిందప్పా? కారు నడిపేది కొడుకే అయినా కిస్తీ కట్టేది ఇల్లంతా. అందుకే ఈ సంగతి మనమూ తెలుసుకోవాలి.

కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి?

మట్టికుండకు కంటికి కనపడని చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీళ్లు చెమర్చి ఆవిరవుతాయి. ఆవిరయ్యేటప్పుడు కుండలోని వేడిని తీసుకుపోతాయి. అందుకే నీళ్లు చల్లబడతాయి.

కారు ఏసీ కూడా అంతే. లోపల గొట్టాల్లో ఒక గ్యాసు తిరుగుతూ వుంటుంది. కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కుతుంది. గ్యాసు వేడెక్కుతుంది. కారు ముందున్న జాలీలోకి వెళ్లి, ఆ వేడిని బయటికి వదిలి ద్రవంగా మారుతుంది. తర్వాత మన ఎదురుగా వున్న డాష్‌బోర్డు వెనక కాయిల్‌లో ఆవిరవుతుంది. అక్కడ కారులోని వేడిని లాక్కుంటుంది. మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది.

చూశారా! అదే గ్యాసు తిరుగుతోంది. పొయ్యి గ్యాసులాగ మండి అయిపోదు. ఏళ్లు గడిస్తే కొంచెం తగ్గొచ్చు. నెలలోనే పోయిందంటే ఎక్కడో కారుతున్నట్టే. చిల్లు మూయకుండా బిందెలో నీళ్లు పోస్తే ఏం లాభం?

తప్పు ఎక్కడుందో ఇలా చూడాలి

1. గాలి తక్కువగా వస్తోందా? అయితే ముందు ఫిల్టరు చూడాలి. అది దుమ్ముతో పూడిపోతే గాలి రాదు. దులిపినా, కొత్తది వేసినా సరిపోవచ్చు. దానికి గ్యాసు పట్టనక్కర లేదు.

2. కారు పరిగెత్తేటప్పుడు చల్లగా వుండి, రైలు గేటు దగ్గర ఆగితే వేడిగా వస్తోందా? అయితే ముందున్న ఫ్యాను తిరుగుతోందో లేదో చూడాలి. జాలీలో మట్టి, పురుగులు నిండినా వేడి బయటికి పోదు. జాలీని మెల్లగా నీళ్లతో కడగాలి.

3. గాలి బాగా వచ్చినా ఎప్పుడూ చల్లగా లేదా? చలి, వేడి మార్చే మీట ఏ వైపు వుందో చూడాలి. అది సరిగా వుంటే కంప్రెసర్ పనిచేస్తోందా, గ్యాసు వుందా అని చూడాలి. గొట్టాల అతుకుల దగ్గర నూనె మరక వుంటే అక్కడ గ్యాసు కారుతుండవచ్చు. సైకిల్ ట్యూబును నీళ్లలో ముంచి పంక్చరు పట్టినట్టే, మెకానిక్ సబ్బు నురగ రాసి చూస్తాడు. బుడగ వచ్చిన చోట చిల్లు వుంది.

కారు కింద నీటి చుక్కలు పడితే భయం లేదు. చల్లనీళ్ల చెంబుకు బయట చెమ్మ పడుతుంది కదా, అదీ అలాంటిదే. ఆ నీళ్లు కారు లోపల కాళ్ల దగ్గర చేరితే మాత్రం నీళ్లు పోయే గొట్టం పూడిపోయిందన్నమాట.

జాగ్రత్త! గ్యాసు గొట్టాలను మనం విప్పకూడదు. గ్యాసు కంట్లో పడితే చూపు పోవచ్చు.

వేడిగాలి రాకపోతే?

ఎస్.కోట మీదుగా అరకు వెళ్లినప్పుడు చలికాలంలో హీటరు కావాలి. దానికి వేడి ఇంజనులో తిరిగే నీళ్ల నుంచి వస్తుంది. ఆ నీళ్లు తగ్గితే హీటరు పనిచేయదు. ఇంజను కూడా పాడవుతుంది. వేడిగా వున్నప్పుడు రేడియేటరు మూత తీయకండి. మరిగే నీళ్లు మీద చిమ్ముతాయి.

బిల్లు చదవండి

చాలా కార్లలో బానెట్ కింద ఒక కాగితం అంటించి వుంటుంది. ఎన్ని గ్రాముల గ్యాసు పట్టాలో దాని మీద వుంటుంది. అంకెలు మీకు వచ్చు కదా! బిల్లులోని అంకెతో పోల్చి చూడండి. మెకానిక్‌ను ఇలా అడగండి: "బాబూ, గ్యాసు ఎక్కడ కారింది? అక్కడ బాగు చేశావా? బిల్లులో రాశావా?"

ఒక్క మాట మరిచిపోకండి

ఇంజను ఆపితే ఏసీ ఆగిపోతుంది. అద్దాలు మూసిన కారు ఎండలో కొలిమి అవుతుంది. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ ఆగివున్న కారెక్కారు. తలుపులు తెరుచుకోలేదు. ఊపిరాడక నలుగురూ చనిపోయారు. కారు ఆపగానే లోపల ఎవరూ లేరని చూసి తాళం వేయాలి. తాళం చెవి పిల్లలకు అందకుండా పెట్టాలి.

ఆలోచించండి – చెప్పండి

1. ఏసీ గ్యాసుకూ పొయ్యి గ్యాసుకూ తేడా ఏమిటి?
2. కారు ఆగినప్పుడే వేడిగాలి వస్తే ముందు ఏం చూడాలి?
3. మీ వీధిలో ఆగివుండే కార్లకు తాళం వేస్తున్నారా?