దంతవైద్య పరిచారిక

మా పినతండ్రిగారి కొమార్తె యొకతె పెండ్లియైన నాటినుండి భర్తతోగూడ అమెరికా దేశమున నివసించుచున్నది. బిడ్డలిద్దఱును బడికి పోవు వయసు వారైన పిమ్మట, ఆమె తానును ఒక విద్య నేర్వదలచి, తమ యూరి కమ్యూనిటీ కళాశాలలో చేరినట్లు మాకు జాబు వ్రాసినది. ఆ విద్య దంతవైద్యునకు సహాయురాలగుట. ఆ దేశమున దానిని డెంటల్ అసిస్టెంటు పని యందురు. జాబు చదివి మేము సంతోషించితిమని చెప్పినచో అది యసత్యమగును. “భారత భాగవతములు చదివిన పిల్లవు, ఊరివారి యెంగిలి యెత్తుటకా సముద్రములు దాటిపోయితివి?” అని మేము వెంటనే ప్రత్యుత్తరము వ్రాసితిమి. ఆ మాట వ్రాసిన చేతితోడనే నేడీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆమె మాపై కోపగింపలేదు. “అక్కయ్యా! చిన్ననాట నాకు చరకుని మాట చెప్పినదానవు నీవే గదా!” అని మాత్రము వ్రాసినది. చదివి సిగ్గుపడితిమి. చరకసంహితయందు చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యనునవి యా నాలుగు. ఆ పరిచారకునకు మరల నాలుగు గుణములు వలయును: ఉపచారము చేయు తెఱగెఱుగుట, చేతినేర్పు, శౌచము, అనురాగము. అటుపిమ్మట ఏడాది పొడుగునను మా చెల్లెలు జాబులలో వ్రాసినవియు, ఆదివారములందు ఫోనులో చెప్పినవియు నగు సంగతులను ఈ నాలుగు గుణముల వరుసనే సోదరీమణులకు విన్నవించెదము.

ముందుగా కళాశాల మాట. కమ్యూనిటీ కళాశాల యనగా ప్రజల పన్నుల సహాయముతో నడుచు స్థానిక విద్యాలయము. విశ్వవిద్యాలయములకంటె రుసుము తక్కువ. వయసు మీఱినవారును, బిడ్డల తల్లులును గూడ చేరవచ్చును. ఇల్లినాయి రాష్ట్రమున 1901లో స్థాపింపబడిన జోలియెట్ జూనియర్ కళాశాల ఇట్టి ప్రభుత్వ కళాశాలలలో మిక్కిలి పాతది, నేటికిని నడుచుచున్నది. దంతవైద్య సహాయురాండ్ర తరగతి సాధారణముగ తొమ్మిది మొదలు పండ్రెండు మాసములలో ముగియును. దంతవిద్యకు గుర్తింపునొసగు కమిషను నియమము ప్రకారము శిక్షణ 900 గంటలకు తక్కువ గాకూడదు. అందు 300 గంటలు రోగులకు చికిత్స జరుగుచోట పనిచేయుచు గడపవలయును. మా చెల్లెలు ఉదయము బిడ్డలను బడికి బంపి తాను కళాశాలకు పోవును. రాత్రి వారు నిద్రించిన పిదప పుస్తకము తెఱచును.

ఇక మొదటి గుణము, తెఱగెఱుగుట. పండ్ల లెక్కతో చదువారంభమగును. పెద్దవారి ముప్పదిరెండు పండ్లకును అక్కడ అంకెలు గలవు. రోగి కుడివైపున పైదవడ చివరనుండు జ్ఞానదంతము 1. అక్కడనుండి ఎడమకు సాగి 16, క్రిందికి దిగి 17, తిరిగి కుడికి వచ్చి 32. పసివారి ఇరువది పాలపండ్లకు అంకెలకు బదులు ఇంగ్లీషు అక్షరములు వాడుదురు. ఎదుట నిలిచినప్పుడు రోగి కుడి మనకు ఎడమ యగుటచే మొదటి వారములలో అందఱును తడబడుదురట. చీటీలో నొక్క అంకె తప్పినచో పుచ్చిన పన్నుండగా మంచి పన్నునకే చేటు వచ్చును.

పండ్లకు ఎక్స్‌రే చిత్రములు తీయుట మఱియొక పాఠము. దీనిని మొదట మనుష్యులపై గాక, పుఱ్ఱెను పోలిన బొమ్మపై అభ్యసింతురు. తీయునపుడు కిరణములు పోవు త్రోవనుండి తొలగి, అడ్డుగోడ చాటుననో, అది లేనిచో ఆఱడుగుల దూరముననో నిలువవలయును. రోగి నోటిలోని ఫిల్మును తన చేతితో ఎన్నడును పట్టుకొనరాదు. ఈ నియమము వెనుక నొక విషాదగాథ యున్నది. న్యూ ఆర్లియన్సు నగరమున ఎడ్మండ్ కెల్సు అను దంతవైద్యుడు 1896లోనే ఈ కిరణములతో పండ్ల చిత్రములు తీసెను. వాని కీడు అప్పటికెవరును ఎఱుగరు. ఏండ్ల తరబడి తన చేతులను ఆ కిరణములకు ఒడ్డిన ఫలముగ ఆయన వ్రేళ్లను, తుదకు చేతినే పోగొట్టుకొని, 1928లో తన ప్రాణమును తానే తీసికొనెను. నేడు శిక్షణకు వచ్చిన ప్రతి స్త్రీయు నేర్చు జాగ్రత్తలకు అట్టివారు చెల్లించిన వెల మిక్కిలి పెద్దది.

రెండవది చేతినేర్పు. వైద్యుని రెండు చేతులును, సహాయురాలి రెండు చేతులును ఒక్క నోటియొద్ద పనిచేయును గనుక దీనిని నాలుగు చేతుల వైద్యమందురు. రోగి ముఖమును గడియారముగ భావించి, నడినెత్తి యున్నచోట పండ్రెండు గంటలనుకొన్నచో, కుడిచేతి వాటము గల వైద్యునకు ఎదురుగ ఆమె రెండు నాలుగు గంటల నడుమ కూర్చుండును. నోటిలోపల బాగుగ కనబడుటకై ఆమె పీట వైద్యుని పీటకంటె నాలుగైదంగుళములు ఎత్తుగ నుండును. కుడిచేత ఉమ్మిని, నీటిని పీల్చు గొట్టము పట్టుకొని, ఎడమచేత పనిముట్లందించును. వైద్యుడు వాడిన దానిని చిటికెనవ్రేలితో తీసికొనుచు, అదే చేతి తక్కిన వ్రేళ్లతో క్రొత్తదానిని ఇయ్యవలయును. ఇదంతయు రోగి గడ్డము క్రింద, ఎదఱొమ్ముపై జరుగవలయునే గాని కన్నుల మీదుగ జరుగరాదు. “ఎడమచేత ఇచ్చుటకు నాకు పది దినములు చేయి రాలేదక్కయ్యా! ఇచ్చినప్పుడెల్ల అమ్మ కసరినట్లే యుండెడిది” అని మా చెల్లెలు వ్రాసినది. పిమ్మట సముద్రపు నాచునుండి తీసిన పొడిని నీటితో మెదిపి, దవడల అచ్చులు తీయుట నేర్పిరి. అందు గాలిబుడగ యుండరాదు. ఉండలు కట్టకుండ పిండి కలిపిన చేయి గనుక, ఆ పాఠమున మాత్రము తనకే మొదటి మార్కు వచ్చినదట.

మూడవది శౌచము. ఎంగిలి యని మేము ఈసడించితిమి గదా. ఎంగిలి యెంత ప్రమాదకరమో వారెఱిగినట్లు మేమెఱుగము. రోగి లేచిన వెంటనే చేతొడుగులు పాఱవైచి, చేతులు కడిగికొని, క్రొత్తవి తొడిగికొని, కుర్చీని, బల్లను తుడిచి, దీపపు పిడిపై కప్పిన ప్లాస్టికు పొరను మార్చవలయును. పనిముట్లను కడిగి యారబెట్టి, సంచులలో మూసి, ఆవిరియంత్రమున 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నుంచుదురు. అది మన ప్రెషరు కుక్కరు జాతిదే. సంచిపైనున్న గుఱుతు రంగు మారనిచో లోని వస్తువును వాడరాదు. అదియు చాలదని, మిక్కిలి మొండివగు సూక్ష్మజీవుల బీజములను వారమునకొకసారియైన ఆ యంత్రమున నుంచి, చచ్చినవో లేదో పరీక్షింతురు. పనిచేయువారి రక్షణకు గూడ నియమములు గలవు. రక్తముతో సంబంధించిన పనులు చేయువారికి హెపటైటిస్-బి టీకాను యజమాని ఉచితముగ నిప్పింప సిద్ధపడవలయునని 1991లో అక్కడి ప్రభుత్వము శాసించినది.

మడిలో నుండి పొరబాటున తలుపు గొళ్లెము ముట్టినను మా నాయనమ్మ మరల స్నానము చేసెడిది. చేతొడుగుతో కంటియద్దములు సవరించుకొన్నందుకు ఉపాధ్యాయిని మా చెల్లెలిని అట్లే తిరిగి చేతులు కడిగికొని రమ్మన్నదట. అయినను ఒక భేదము గలదు. మన మడి మనుష్యులను దూరముగ నుంచుటకు గూడ అలవాటుపడినది. ఆ మడికి వచ్చినవారెవరన్న ప్రశ్న లేదు. ధనికుడైనను దరిద్రుడైనను, ఆరోగ్యవంతుడైనను రోగియైనను నియమమొక్కటే. ఎవరినైనను దగ్గఱకు తీసికొని తాకుటకే యా శుద్ధి యంతయు. ఈ మాట మా మనస్సున నాటుకొన్నది.

నాలుగవది అనురాగము. పైన చెప్పిన కెల్సు వైద్యుడు 1885లోనే తన వైద్యశాలలో నొక స్త్రీని సహాయురాలిగ నియమించెను. ఆ కాలమున అక్కడి స్త్రీలు సయితము తోడు లేక పరపురుషుడగు వైద్యునియొద్దకు పోవుటకు జంకెడివారు. లోపల నొక స్త్రీ యున్నదని కిటికీయందు పలక కట్టిన పిమ్మట వారు ధైర్యముగ రాసాగిరి. తరువాత జూలియెట్ సదర్డు అను నామె పూనికతో 1924లో ఈ సహాయురాండ్రకు దేశమంతటికి నొక సంఘమేర్పడినది.

ఇది చదివినపుడు మా యింటి సంగతియే మాకు స్ఫురించినది. కొంతకాలము క్రిందట దవడపంటి నొప్పితో మా యత్తగారిని పట్టణమునకు తీసికొనిపోతిమి. పరాయి మగవాని యెదుట నోరు తెఱువనని ఆమె కుర్చీనుండి లేచి వచ్చినది. నెల దినములు లవంగనూనెతో నెట్టుకొనిరాగా దవడ వాచి, జ్వరము వచ్చి, మేమెంతయో భయపడితిమి. రెండవమారు వేఱొక వైద్యశాలకు పోతిమి. అచ్చట నొక బాలిక ఆమె చేయి పట్టుకొని, “మామ్మగారూ! కన్నులు మూసికొనండి, నేనిక్కడనే యుందును” అని పలుకుచు పన్ను తీయు దాక చేయి వదలలేదు. వైద్యునకు నమస్కరించి రుసుమిచ్చి వచ్చితిమి. ఆ బాలిక పేరైనను మేమడుగలేదు. ఆమె సయితము దినమంతయు ఊరివారి యెంగిలి యెత్తునదియే గదా!

ఈ విద్య నాశ్రయింపదలచు వారికి కొన్ని హెచ్చరికలు. ఇది వైద్యురాలి పదవి కాదు. పన్ను తీయుట, తొలుచుట వైద్యుని పనులు. ఏయే పనులు చేయవచ్చునో రాష్ట్రమునకొక తీరున శాసనమున్నది. జాతీయ బోర్డు వారి పట్టమునకు మూడు పరీక్షలు నెగ్గవలయును: కిరణముల జాగ్రత్త, అంటురోగ నివారణ, కుర్చీయొద్ది సహాయము. నడుమునకు, మెడకు శ్రమ యెక్కువ. 2023లో ఈ పనివారి వార్షిక వేతనము నడిమి లెక్కకు 46,540 డాలర్లు. అనగా సగముమందికి అంతకు తక్కువ, సగముమందికి ఎక్కువ. ఆ దేశపు ఖర్చులకు అది గొప్ప సంపద గాదు. భర్త ననుసరించి హెచ్-4 వీసాపై పోయిన స్త్రీకి చదువుటకు ఆటంకము లేదు గాని, జీతమునకు పనిచేయుటకు వేఱుగ అనుమతి వలయును. 2015 నుండి ఇచ్చుచున్న యా యనుమతి అందఱకును దొరకదు. ఈ సంగతి విచారించిన పిమ్మటనే రుసుము కట్టుట మంచిది. మన దేశమున దంతవైద్య పట్టమందిన పడుచులు కొందఱు అక్కడి పరీక్షలు నెగ్గువఱకు ఈ పనియే చేయుదురు. దానిని చిన్నతనముగ నెంచి వారి కుటుంబములు బాధపడనక్కఱలేదు.

మా చెల్లెలు గత మాసమున పరీక్షలన్నియు నెగ్గి, యొక వైద్యశాలలో చేరినది. మేము మొదట వ్రాసిన జాబును చింపివేయుమని కోరితిమి, దాచియుంచినానని నవ్వినది. మొన్న అత్తగారితో ఆ పట్టణమునకు మరల పోయినపుడు, మేమా బాలికను వెదకి, పేరడిగి, ప్రక్కన గూర్చుండబెట్టుకొని మా చెల్లెలి సంగతులు చెప్పితిమి. ఆమె మన దేశమున పెక్కుమందివలె చూచి నేర్చినదేగాని చదివి నేర్చినది కాదు. అంతయు విని, “నాకు గూడ మొదట ఎడమచేత ఇయ్యవలెనన్న మనసొప్పలేదమ్మా!” అన్నది.