మొహం కడుక్కోవడమూ పనే

బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. లేచి కుళాయి కట్టేయాలనే ఉంది, ఒళ్లు కదలదు. డిప్రెషన్‌తో బతికేవాళ్లకు ఇది బద్ధకం కాదు, జబ్బు లక్షణం. ఇంట్లోవాళ్లు ముందుగా గుర్తించాల్సింది ఇదే.

ఉత్సాహం వచ్చాక చేద్దామని కూర్చుంటే అది ఎంతకీ రాదు. అమెరికా మనస్తత్వవేత్త పీటర్ లూయిన్‌సన్ 1970లలో దీన్ని తిరగేసి చూశారు: ముందు చిన్న పని, దాని వెనకే మనసు. ఆ పద్ధతి నేటికీ చికిత్సలో ఉంది. స్నానం భారమైతే మొహం కడుక్కోవడం, వంట చేయలేకపోతే ఇంత పెరుగన్నం, సాయంత్రం వీధి చివరిదాకా నడక. చేసినవి కాగితం మీద రాసుకుంటే, 'ఇవాళా ఏమీ చేయలేదు' అని మనసు చెప్పే అబద్ధం పట్టుబడుతుంది.

రోజూ ఒకే వేళకు లేవడం మంచిది. మద్యం జోలికి వెళ్లకపోవడం ఇంకా మంచిది.

డాక్టరు రాసిన మందులు పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. కాస్త తేరుకోగానే డాక్టరును అడక్కుండా మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒంటరిగా ఉండకూడదు, దగ్గరివాళ్లకు వెంటనే చెప్పాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. పగలైనా రాత్రయినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.